రైఫిల్ గురికి కళ్ళజోడు: ఎందుకు వేరు? ఎలా ఎంచుకోవాలి?

దూరాన ఉన్న గుర్తుని కొట్టేవాడికి దూరపు చూపు బాగుంటే చాలని ఎవరైనా అనుకుంటారు. కళ్ళ డాక్టరు గదిలో ఆఖరి వరస అక్షరాలు గడగడా చదివేస్తే ఇక తిరుగులేదనీ అనుకుంటారు. రైఫిల్ షూటింగ్ తెలిసిన ఆప్టోమెట్రిస్టు మాత్రం ఆ దూరపు పవర్‌లో కావాలనే ఒక పిసరు మార్చి, దూరపు చూపుని కాస్త తగ్గించి అద్దం ఇస్తాడు. ఇది విన్న తల్లిదండ్రులు కంగారు పడతారు. కొందరు షూటర్లు కూడా నమ్మరు. కాబట్టి మొదటి నుంచీ వద్దాం.

ఇక్కడ చెప్పేదంతా టెలిస్కోపు లేని రైఫిల్ గురించి. అంటే ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల త్రీ పొజిషన్స్. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టిందీ, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ మొదటి దాంట్లో. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచింది రెండో దాంట్లో. వీటిలో కంటికి దగ్గరగా, వెనక సైట్‌లో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గొట్టం చివర ముందు సైట్‌లో ఒక రింగ్ ఉంటుంది. రంధ్రం మధ్యలో రింగ్, రింగ్ మధ్యలో టార్గెట్ మీది నల్లటి గుండ్రం: గురి అంటే ఇంతే.

టార్గెట్ మసగ్గా ఉంటే గురి తప్పదా?

తప్పదు. ముందు సైట్ మసగ్గా ఉంటే తప్పుతుంది. ఇది మాటతో నమ్మేది కాదు కనుక లెక్క చూద్దాం.

ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పది మీటర్ల నుంచి అది ఏ కంటికీ కనిపించదు. కనిపించేది 30.5 మి.మీ. నల్లటి గుండ్రం ఒక్కటే. అంటే ప్రపంచ చాంపియన్ కూడా తాను కొట్టే చుక్కని చూసి కొట్టడం లేదు. గుండ్రంలో గుండ్రాన్ని సమంగా కూర్చోబెడుతున్నాడు, చుక్క ఎలాగూ మధ్యలోనే ఉంటుంది. నల్ల గుండ్రం అంచు కాస్త చెదిరినా అన్ని వైపులా ఒకేలా చెదురుతుంది కాబట్టి మధ్య భాగం మారదు. రింగ్‌కీ నలుపుకీ మధ్య కనిపించే తెల్లటి సందు చుట్టూ ఒకే మందంలో ఉందా లేదా అన్నది మన కన్ను ఆశ్చర్యపోయేంత కచ్చితంగా పట్టేస్తుంది.

ముందు సైట్ సంగతి అలా కాదు. రెండు సైట్ల మధ్య 70 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. ముందు సైట్ 0.1 మి.మీ. పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర పెల్లెట్ సుమారు 1.4 మి.మీ. పక్కకి పోతుంది. ఈ టార్గెట్ మీద 0.1 పాయింటు అంటే 0.25 మి.మీ. అంటే వెంట్రుక మందం జరుగుబాటుకి అర పాయింటు పైనే పోయింది. రింగ్ అంచు తేటగా లేకపోతే ఈ జరుగుబాటు కనిపించనే కనిపించదు.

సరే, కన్ను రెండిటినీ ఒకేసారి చూడలేదా?

చూడలేదు. ఇరవై ఏళ్ళ కన్నయినా ఒక క్షణంలో ఒక దూరం మీదే నిలుస్తుంది. కుర్రవాళ్ళకి ఆ మార్పిడి తెలియనంత వేగంగా జరిగిపోతుంది, అంతే తేడా.

అద్దాల పవర్‌ని కొలిచేది డయాప్టర్లలో. దూరాన్ని మీటర్లలో తీసుకుని 1ని దానితో భాగిస్తే ఆ దూరానికి కన్ను పెట్టాల్సిన శ్రమ వస్తుంది. పది మీటర్ల టార్గెట్‌కి 0.1 డయాప్టర్. కంటికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముందు సైట్‌కి 1.25. రెండిటికీ మధ్య 1.15 డయాప్టర్ల తేడా ఉంది. దూరపు చూపుకి సరిగ్గా సరిపోయే అద్దం పెట్టుకుని, కన్ను శ్రమపడకుండా ఉంటే టార్గెట్ అద్దంలా కనిపిస్తుంది, ముందు సైట్ మాత్రం ఆ 1.15 మేరకూ చెదిరిపోతుంది. అంతా ఒకవైపే బరువు వేసినట్టయింది.

ఆ బరువుని రెండు వైపులా పంచడానికే ప్లస్ పవర్ కలుపుతారు. దూరపు పవర్‌కి ప్లస్ 0.50 కలిపితే శ్రమపడని కన్ను రెండు మీటర్ల దగ్గర నిలుస్తుంది. అప్పుడు టార్గెట్‌కి 0.40, ముందు సైట్‌కి 0.75 మిగులుతుంది. రెండూ భరించదగినవే. 50 మీటర్ల రైఫిల్‌లో గొట్టం పొడవు వల్ల ముందు సైట్ కంటికి మీటరు దరిదాపుల్లో ఉంటే, ఈ అర డయాప్టర్ దాదాపు సరిగ్గా నడిమధ్యకి వస్తుంది. అందుకే దూరపు పవర్‌కి అర కలపడం చాలామంది రైఫిల్ షూటర్లకి మొదటి మెట్టు. ఎయిర్ రైఫిల్‌లో, అందులోనూ నడివయసు దాటినవాళ్ళకి, ఒక్కోసారి 0.75 కుదురుతుంది.

లెక్క ఎలా వేయాలంటే, దూరానికి మైనస్ 2.00 వాడేవాళ్ళకి మైనస్ 1.50. ప్లస్ 1.00 ఉన్నవాళ్ళకి ప్లస్ 1.50. ఏ పవరూ లేనివాళ్ళకి ఉత్త ప్లస్ 0.50. ఇందులో ఒక వేడుక ఉంది. సరిగ్గా మైనస్ 0.50 ఉండి, సిలిండర్ లేని మనిషికి రైఫిల్ పట్టేటప్పుడు కళ్ళజోడే అక్కర్లేదు. సినిమా హాల్లో అతణ్ణి ఇబ్బంది పెట్టే లోపమే ఇక్కడ కలిసొస్తుంది.

ఇంకాస్త ప్లస్ పెంచితే రింగ్ ఇంకా తేటగా వస్తుంది కదా అని ఆశ పుడుతుంది. ప్లస్ 1.00 పెట్టి చూడండి, రింగ్ గీసినట్టు ఉంటుంది. కానీ టార్గెట్ బూడిదరంగు మరకైపోతుంది, మరక మధ్యని కన్ను నమ్మకంగా పట్టలేదు. రింగ్ తేటగా కనిపించే వాటిలో అన్నిటికంటే తక్కువ ప్లస్ ఏదో అదే మీది.

వెనక సైట్ రంధ్రం ఉండగా ఈ గొడవంతా ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. కళ్ళజోడు మర్చిపోయి బస్సు బోర్డు చదవాల్సి వస్తే కళ్ళు చికిలిస్తాం. రెప్పల సందు చిన్నదయ్యేసరికి చూపు కాస్త కుదురుకుంటుంది. వెనక సైట్ చేసేదీ అదే పని. మసక ఎంతన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: పవర్‌లో తేడా ఎంత, వెలుతురు లోపలికి వచ్చే దారి ఎంత వెడల్పు. కంటిపాప 4 మి.మీ. తెరుచుకుని ఉన్నప్పటి మసక, 1.1 మి.మీ. రంధ్రం గుండా చూస్తే నాలుగో వంతుకి కాస్త అటూ ఇటూగా పడిపోతుంది. చాలామందికి ఏళ్ళ తరబడి తమ చూపులో లోపం తెలియకపోవడానికి కారణం ఈ రంధ్రమే.

రంధ్రాన్ని ఇంకా ఇంకా చిన్నది చేసుకుంటూ పోతే అద్దమే అక్కర్లేకుండా పోతుందా అంటే, పోదు. ఒక మిల్లీమీటరు కిందికి వెళ్ళేసరికి వెలుతురు తగ్గిపోతుంది. పైగా అంత సన్నని దారిలో వెలుతురే అంచుల దగ్గర వంగి చెదురుతుంది, దానివల్ల కొత్త మసక పుడుతుంది. చూపు తగ్గిన షూటరు చేసే మొదటి పని వెనక సైట్ మీది ఐరిస్ తిప్పి రంధ్రం బిగించడం. ఏడాది తిరిగేసరికి ఐరిస్ చివరికంటా బిగిసి ఉంటుంది, గురి మాత్రం చీకట్లో వెతుకుతున్నట్టుంటుంది. మీ ఐరిస్ గత ఏడాది కంటే బాగా బిగిసి ఉందంటే కళ్ళు పరీక్ష చేయించుకోండి.

రోజూ పెట్టుకునే కళ్ళజోడు ఎందుకు పనికిరాదు?

రోజువారీ కళ్ళజోడులో అద్దం కేంద్రం మనం తల నిటారుగా పెట్టి నడిచేటప్పుడు కంటిపాప ఎదురుగా ఉండేలా కోసి బిగిస్తారు. రైఫిల్ మీద బుగ్గ ఆనించగానే తల ముందుకి వాలుతుంది, కాస్త పక్కకి తిరుగుతుంది. కన్ను అద్దం మధ్య నుంచి కాక, ముక్కు పక్క పై మూల నుంచి చూస్తుంది. పడుకుని కాల్చే ప్రోన్‌లో మరీనూ. కొందరికి చూపు ఫ్రేమ్ అంచుకే తగులుతుంది.

మూల నుంచి చూస్తే బొమ్మ పక్కకి జరిగి గురి తప్పుతుందని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. వెనక రంధ్రం, రింగ్, టార్గెట్ మూడూ అద్దానికి అవతలే ఉన్నాయి, జరిగితే మూడూ కలిసే జరుగుతాయి. అసలు నష్టం వేరే. అద్దం చూపుకి అడ్డంగా కాక ఏటవాలుగా ఉంటే లేని సిలిండర్ పవర్ పుడుతుంది. మైనస్ 4.00 అద్దాన్ని 20 డిగ్రీలు వాల్చి చూస్తే దాదాపు అర డయాప్టర్ సిలిండర్ వచ్చి చేరుతుంది. మైనస్ 1.00 అద్దంలో అదే వాలుకి వచ్చేది లెక్కలోకి రానంత చిన్నది. కాబట్టి ఎవరికి ప్రత్యేక ఫ్రేమ్ తప్పనిసరో, ఎవరికి కాదో ఇక్కడే తేలిపోతుంది.

ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాల గురించి ఒక్క మాట చాలు: వద్దు. తల ఒక మిల్లీమీటరు కదిలినా పవర్ మారిపోయే అద్దంతో అరవై షాట్లు ఒకేలా ఎవరూ కాల్చలేరు.

సిలిండర్ 0.50 ఉంటే పట్టించుకోవాలా?

చదువుకీ డ్రైవింగ్‌కీ చాలామంది పట్టించుకోరు, కొన్ని షాపుల్లో అసలు వేయరు కూడా. రైఫిల్‌కి మాత్రం పట్టించుకోవాల్సిందే. సిలిండర్ లోపం ఉన్న కంటికి నిలువు గీత ఒక దూరంలో, అడ్డ గీత ఇంకో దూరంలో తేటగా కనిపిస్తాయి. రింగ్‌లో రెండూ ఉంటాయి మరి. దాంతో పైనా కిందా అంచులు పదునుగా, పక్కలు మసగ్గా, లేదా అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. తెల్లటి సందు నిజంగా సమంగా ఉన్నా కంటికి కోడిగుడ్డు ఆకారంలో తోస్తుంది. ఇందాక మసక చుట్టూ ఒకేలా ఉంటే నష్టం లేదన్నాను కదా, సిలిండర్ మసక చుట్టూ ఒకేలా ఉండదు.

ఇంకో చిక్కు యాక్సిస్. సిలిండర్ అద్దాన్ని ఏ కోణంలో నిలబెట్టాలో చీటీలో డిగ్రీల్లో రాస్తారు. షూటింగ్ ఫ్రేమ్‌లో గుండ్రటి అద్దం హోల్డర్‌లో తిరిగిపోగలదు. 30 డిగ్రీలు తిరిగిందంటే ఆ సిలిండర్ చేసే మేలంతా సున్నా, అద్దం పెట్టుకున్నా మొదట ఉన్నంత లోపమే మిగులుతుంది. అద్దం చేయించేటప్పుడే అంచు మీద యాక్సిస్ గుర్తు పెట్టించండి, దానికి ఎదురుగా హోల్డర్ మీద ఒక గీత గీయండి. తుడిచిన ప్రతిసారీ ఆ రెండూ కలిశాయో లేదో చూడండి.

షూటింగ్ ఫ్రేమ్ కొనాలా? ఎప్పుడు?

చాంపియన్, నోబ్లోక్ వంటి కంపెనీల ఫ్రేములు మన రేంజ్‌లలో కనిపిస్తూనే ఉంటాయి. ముక్కు దగ్గర సన్నని కమ్మీ, దానికి ఒక కంటి ముందు 23 లేదా 37 మి.మీ. గుండ్రటి అద్దం పట్టే హోల్డర్. హోల్డర్‌ని పైకీ కిందికీ, పక్కలకీ జరపొచ్చు, వాలు మార్చొచ్చు. దాని పనల్లా ఒకటే: మీరు బుగ్గ ఆనించి చూసే దారికి అద్దం మధ్య భాగం ఎదురుగా, నిటారుగా నిలవడం. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ దానంతటది ఒక్క పాయింటు కూడా పెంచదు.

నా అభిప్రాయం ఇది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి ఏడాది కొనకండి. నిలబడే తీరు, బుగ్గ ఆనే చోటు ఇంకా కుదరలేదు, తల ఎక్కడ ఉంటుందో వాళ్ళకే తెలియదు. మైనస్ పవర్ ఏటా మారే వయసు కూడా. పైగా పిల్లల కన్ను ముందు సైట్ మీదికి తనంతట తానే చక్కగా సర్దుకుంటుంది కాబట్టి సరైన దూరపు పవర్, పెద్ద అద్దాలున్న ఫ్రేమ్ చాలు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, పిల్లలకి మైనస్ అవసరానికి మించి వేయలేదు కదా అని. ఎక్కువ మైనస్ వేసినా పిల్లలు అక్షరాలు చదివేస్తారు, కన్ను శ్రమపడి సర్దుకుంటుంది. మ్యాచ్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చేసరికి ఆ శ్రమే తలనొప్పిగా బయటపడుతుంది.

మైనస్ 3.00 దాటినవాళ్ళూ, సిలిండర్ చెప్పుకోదగినంత ఉన్నవాళ్ళూ, నలభై దాటి చత్వారం మొదలైనవాళ్ళూ నిలకడగా మ్యాచ్‌లకి వెళ్తుంటే ఫ్రేమ్ కొనొచ్చు. త్రీ పొజిషన్స్ కాల్చేవాళ్ళు నీలింగ్, ప్రోన్, స్టాండింగ్ మూడింటికీ హోల్డర్ ఎక్కడ ఉండాలో గుర్తులు పెట్టుకోవాలి. అద్దాన్ని రైఫిల్‌కే బిగించేస్తే పోలేదా అని అడగకండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం చూపు సరిచేసే అద్దం షూటరు ధరించాలి తప్ప రైఫిల్‌కి తగిలించకూడదు.

ఆ చిన్న అద్దం కంటికి రక్షణ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చుట్టూ అంతా ఖాళీయే. పగలని మెటీరియల్‌తోనే చేయించండి.

రెండో కన్ను మూసుకోవాలా?

మూయకండి. ఒక కన్ను గట్టిగా మూస్తే రెండో కంటి చుట్టూ కండరాలు కూడా బిగుస్తాయి. నల్లటి అట్టతో కప్పడమూ మంచిది కాదు. రెండు కంటిపాపలూ జంటగా పనిచేస్తాయి, ఒకటి చీకట్లో ఉంటే రెండోదీ విప్పారుతుంది. తెల్లటి, వెలుతురు సోకే బ్లైండర్ పెట్టుకుని రెండు కళ్ళూ తెరిచి ఉంచండి. దాని వెడల్పు 30 మి.మీ. మించకూడదని నిబంధన.

కాంటాక్ట్ లెన్సులు, లేజర్, శుక్లం ఆపరేషన్?

కాంటాక్ట్ లెన్సుకి పెద్ద సుగుణం, కన్ను ఎటు తిరిగినా కేంద్రం దానితోనే వస్తుంది. ఏటవాలు గొడవ ఉండదు. కానీ గురి పట్టినప్పుడు రెప్పలు వేయడం తగ్గిపోతుంది, లెన్స్ ఆరిపోయి చూపు మసకేస్తుంది. ఏసీ హాల్లో ఇంకా త్వరగా ఆరుతుంది. సిలిండర్ ఉన్న లెన్స్ కంట్లో తిరిగిపోయే అవకాశం కూడా ఉంది. సిలిండర్ లేని కుర్రవాళ్ళకి మంచి మార్గమే.

లేజర్ చేయించుకుంటే దూరపు పవర్ పోతుంది. ముందు సైట్‌కి కావాల్సిన అర డయాప్టర్ సమస్య అలాగే ఉంటుంది, నలభై దాటాక చత్వారమూ వస్తుంది.

శుక్లం ఆపరేషన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రైఫిల్ పోటీల్లో యాభైలూ అరవైల్లో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. అరవై వచ్చేసరికి కన్ను తనంతట తాను సర్దుకునే శక్తి సుమారు ఒక డయాప్టర్‌కి పడిపోతుంది, అంటే ముందు సైట్ దాకా కూడా అందదు. ఆపరేషన్‌లో సాధారణ లెన్స్ వేస్తే ఆ కాస్తా ఉండదు. అయినా దిగులు లేదు, ప్లస్ అర అద్దం ఇలాంటి కంటికి లెక్క ప్రకారం కుదిరిపోతుంది. దూరమూ దగ్గరా రెండూ చూపిస్తామనే మల్టీఫోకల్ లెన్సులు వెలుతురుని పంచేస్తాయి, దాంతో నలుపు తెలుపుల తేడా పలచబడుతుంది. గురి పెట్టే కన్ను ఏదో, మీరు షూటరన్న సంగతీ డాక్టరు గారికి ఆపరేషన్‌కి ముందే చెప్పండి, తర్వాత చెప్పి లాభం లేదు. షుగర్ ఉన్నవాళ్ళు అదుపులో ఉన్న రోజుల్లోనే పవర్ చూపించుకోవాలి. షుగర్ పెరిగి తగ్గుతుంటే పవర్ కూడా మారుతుంది.

రంగు ఫిల్టర్లకి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎండ మిటమిటలాడే 50 మీటర్ల రేంజ్‌లో బూడిద రంగు, మబ్బు పట్టిన రోజున పసుపు చాలామందికి నచ్చుతాయి. హాల్లో ఏదీ అవసరం లేదు.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి?

రైఫిల్ కాదు, కొలతలు తీసుకెళ్ళండి. జాకెట్ వేసుకుని, పొజిషన్‌లో నిలబడి, కంటి నుంచి ముందు సైట్‌కి ఎంత దూరమో ఇంకొకరి చేత టేపుతో కొలిపించండి. తర్వాత ఒక అట్టముక్కకి దబ్బనంతో 1 మి.మీ. దాటని రంధ్రం చేయండి. ప్లాస్టిక్ షీటు మీద 4 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న నల్లటి రింగ్ గీయండి. తెల్ల కాగితం మీద 18 మి.మీ. నల్ల చుక్క వేస్తే ఆరు మీటర్ల నుంచి అది ఎయిర్ రైఫిల్ టార్గెట్ అంత కనిపిస్తుంది. గది మూడు మీటర్లదైతే ఈ పరీక్ష అక్కడ చేయకండి, వరండాలోకి వచ్చి చేయండి.

దూరపు పవర్, సిలిండర్‌తో సహా ముందు కచ్చితంగా తేలాలి. ఆ పవర్ వేసిన ట్రయల్ ఫ్రేమ్‌తోనే రంధ్రం గుండా, మీరు కొలిచిన దూరంలో పట్టుకున్న రింగ్‌లోంచి చుక్కని చూడండి. ప్లస్ 0.25, 0.50, 0.75 ఒకదాని తర్వాత ఒకటి వేయించుకోండి. ఒక్క చూపుతో బాగుంది, బాగాలేదు అనొద్దు. ప్రతి అద్దంతోనూ షాట్‌కి పట్టినంతసేపు, ఎనిమిది పది సెకన్లు చూపు నిలపండి. మొదట బాగున్నది ఆ చివరి సెకన్లలో కరిగిపోతే అది మీది కాదు.

పవర్ తేలాకే ఫ్రేమ్ సంగతి. వీలైతే ట్రయల్ అద్దాన్ని అడిగి తీసుకుని రేంజ్‌లో ఒక పూట కాల్చి చూడండి. కొత్త అద్దం చేతికొచ్చాక సైట్ జీరో మళ్ళీ సరిచూసుకోండి. మ్యాచ్ వారంలో ఉందంటే మాత్రం పాత అద్దంతోనే వెళ్ళండి.